డెబ్బై నాలుగైన నలభై ఏడు

కరీంనగర్‌లో ఒక విత్తనాల కంపెనీలో నేను పదవీ విరమణ దాకా చేసిన పని, వేరేవాళ్లు కంప్యూటర్‌లో కొట్టిన అంకెలను మళ్లీ చదవడం. పెళ్లిళ్లలో ఎవరైనా ఉద్యోగం గురించి అడిగితే ఇదే చెప్పేదాన్ని. "గంతేనా" అనేవారు. అంతే. కాకపోతే ఆ అంతమాత్రం పనిని కూడా ఇరవై ఏళ్లకు పైగా నన్ను కుదురుగా చేయనిచ్చినవాళ్లు తక్కువ.

ఇప్పుడు ఇదే పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఫోన్ చేసి, తప్పులు పట్టడానికి ఏం నేర్చుకోవాలని అడుగుతున్నారు. ఏ కోర్సు చేయాలో నాకు తెలియదు. నాకు తెలిసింది నేను చూసినదే. అది రాస్తాను. కాస్త చిరాకుగా రాస్తే ఏమీ అనుకోవద్దు, ఆ చిరాకు ఇంకా పోలేదు.

నల్లతెర

మా సాఫ్ట్‌వేర్‌ను అందరం నల్లతెర అనేవాళ్లం. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, మౌస్ పనిచేయదు. నేను చేరకముందే హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చి రాసిపెట్టి పోయాడట. నేను చేరేనాటికే ఆయన ఫోన్ నంబరు పనిచేయడం లేదు. ఎవరైనా ముట్టుకుంటే మొత్తం పడిపోతుందని అందరికీ భయం. అందుకే దాన్ని బాగుచేయలేదు, తీసేయలేదు. దాని తప్పులతోనే సంసారం చేశాం.

ఊరి పేరుకు అందులో పన్నెండు అక్షరాలే పట్టేవి. అంతకంటే పెద్ద పేరున్న ఊళ్లన్నీ సగంలో తెగిపోయేవి. అంతకంటే పెద్ద రోగం ఇంకొకటుండేది. కొత్త పేజీ తెరిస్తే పాత పేజీలోని పంట పేరు అలాగే కూర్చుని ఉండేది. మార్చకుండా ఎంటర్ కొడితే అదే కొత్తదానికి అంటుకునేది. ఒక వానాకాలం ముందు, ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా వచ్చిన మక్కల, అంటే మొక్కజొన్న సంచుల, లాట్లన్నీ వరి అని నమోదయ్యాయి. అది పట్టుకున్నది నేను కాదు, లారీ డ్రైవర్. చిట్టీ పట్టుకుని లోపలికి వచ్చి, "మేడం, గీ చిట్టీల వడ్లని ఉంది, సంచులల్ల మక్కలున్నయి. నేను వడ్లు దించాల్నా, మక్కలు దించాల్నా?" అని అడిగాడు.

ఆ రోజు మా మేనేజర్ కిషన్‌రావు గారు అందరినీ నిలబెట్టి, "జర కండ్లు పెట్టి కొట్టున్రి" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. గోదాములో సంచి చిరిగితే స్వయంగా దబ్బనం పట్టుకుని కుట్టే మనిషి. కానీ తెర మీద ఏది కనిపిస్తే అది నిజమని నమ్మేవాడు. కండ్లు పెట్టాల్సింది కొట్టేవాళ్లు మాత్రమేనని కూడా నమ్మేవాడు. మిషన్ ఎందుకు పాత పేరును పట్టుకుని వేలాడుతోందని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. నేను అడిగితే, "దాన్ని మనం మార్చలేం గద మేడం, మనుషులనైతే మార్చొచ్చు" అన్నారు.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. మీ ఆఫీసులో కూడా ఎవరో ఒకరు అంటారు.

ముసలి విత్తనం

ఈ రాతకు కారణమైన సంగతి జరిగిన ఏడాది, మిర్గం, అంటే మృగశిర కార్తె, ఇంకో నాలుగు రోజులుంది. ఆదిలాబాద్ వైపు రైతులు సోయా విత్తడానికి మబ్బుల కోసం మొగులు చూస్తున్నారు. ఉదయం నేను డిపోలకు పంపిన లాట్ల జాబితా చదువుతున్నాను. అందులో ఒక సోయా లాట్ దగ్గర వేలు ఆగింది. ఫిబ్రవరిలో చేసిన పరీక్షలో మొలక డెబ్బై ఒకటి. మే నెలలో మళ్లీ చేస్తే డెబ్బై నాలుగు. నూటికి డెబ్బై మొలిస్తే చాలు, విత్తనం అమ్మవచ్చు. కాబట్టి లాట్ పాసయింది, సంచి మీద కనీసం డెబ్బై అని అచ్చు పడింది, లారీ ఎక్కింది.

చూసేవాళ్లకు అందులో తప్పేమీ కనిపించదు. కానీ సోయా విత్తనం మా రేకుల గోదాములో ఎండాకాలమంతా పడి ఉంది. ఆ వేడికి మనుషులమే వాడిపోయేవాళ్లం. గోదాములో కూర్చున్న విత్తనం ముసలిదవుతుంది కానీ పడుచుదవదు. మొలక తగ్గాలి, లేదంటే మహా అయితే అంతే ఉండాలి. పెరగడమేమిటి?

ల్యాబ్‌కు పోయి కాగితం తీయించాను. పరీక్షలు చేసే దిగంబర్ గారు ఆదిలాబాద్ మనిషి, ఇంట్లో మరాఠీ మాట్లాడతారు, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. ఇరవై అయిదు గింజల చొప్పున నాలుగు వరుసలు పెట్టారు. పన్నెండు, పదకొండు, పదమూడు, పదకొండు. కింద మొత్తం నలభై ఏడు. తెర మీద డెబ్బై నాలుగు.

కాగితం తీసుకుని మేనేజర్ గదికి పోయాను.

"లారీ పోయి వారమాయె మేడం. ఇప్పుడా చెప్పేది?" అన్నారు.

"ఇప్పుడే చూసిన సార్."

"తెర మీద డెబ్బై నాలుగుంది గద. కాగితం మీద రాసినాయనే తప్పు రాసిండేమో."

నాలుగు వరుసలు కూడి చూడమన్నాను. ఆయన క్యాలిక్యులేటర్ తీసి కూడారు. నలభై ఏడు వచ్చింది. తుడిచేసి మళ్లీ కూడారు. మళ్లీ నలభై ఏడే. కుర్చీలో వెనక్కి వాలి, "మల్ల పరీక్ష పెట్టిద్దామా?" అన్నారు.

"వారం పడ్తది సార్. వాన వారం ఆగుతదా?"

అప్పుడు ఫోన్ నా వైపు జరిపారు.

పది తొమ్మిదులు

ఆ లాట్ చేరిన ఆదిలాబాద్ వైపు డిపో చూసే తిరుపతి ఫోన్ ఎత్తాడు. ఆ లాట్ ఆపమన్నాను.

"పదకొండు సంచులే ఉన్నయి మేడం. తక్కినయి పోయినయి."

"ఎవరెవరికి ఇచ్చినవ్?"

"పద్నాలుగు మందికి. తెరల ఎక్కిచ్చిన."

ఊపిరి పీల్చుకున్నాను. పేర్లుంటాయి, ఫోన్ నంబర్లుంటాయి, గంటలో అందరికీ చెప్పేయవచ్చు అనుకుని మా దగ్గరి తెరలో ఆ జాబితా తీశాను. పద్నాలుగు పేర్లున్నాయి. పద్నాలుగింటికీ ఫోన్ నంబరు ఒక్కటే. పది తొమ్మిదులు.

మళ్లీ ఫోన్ చేసి ఇదేందని అడిగాను.

"నంబర్ కొట్టంది ముందటికి పోనిస్తలేదు మేడం గా తెర. బయట లైన్ల మంది నిలబడ్డరు. సగం మందికి నంబర్ యాదికుండది, కొడుకును అడగాలె అంటరు. ఎంతసేపని ఆగుత? తొమ్మిది మీద వేలు పెట్టి వొత్తిన."

తిట్టడానికి నోరు తెరిచి మూసుకున్నాను. ఆ వరుసలో నేను కూర్చున్నా అదే చేసేదాన్ని. నంబరు తప్పనిసరి చేసినవాడు తెర మీద ఆ గడి నిండినదా లేదా చూశాడు కానీ, అందులో ఏం నిండుతుందో చూడలేదు. పైగా ఊళ్ల పేర్లు కూడా సగంలో తెగి ఉన్నాయి. రెండు ఊళ్లయితే పన్నెండు అక్షరాల దాకా ఒక్క తీరే ఉండి, ఏది ఏదో తెలియడం లేదు.

"మొకాలు యాదికున్నయా?" అని అడిగాను.

"మొకాలైతే అందరియి యాదికున్నయి," అన్నాడు తిరుపతి.

ఆ పూటే బస్సెక్కాను.

తడి గోనె

రెండు రోజులు తిరుపతి మోటార్ సైకిల్ వెనక కూర్చుని ఊళ్లు తిరిగాను. యాభై దాటిన మనిషిని, నడుం ఎలా ఉందో చెప్పనక్కరలేదు. ప్రతి ఊళ్లో అతను బండి ఆపి, "పొడుగ్గా ఉంటడు, చెవికి పోగు ఉంటది, సోయా తెచ్చిండు మొన్న" అని అడిగేవాడు. అడిగినవాళ్లు ఇల్లు చూపించేవారు. మా కంప్యూటర్ ఇవ్వలేని చిరునామా చెవిపోగు ఇచ్చింది. వాన ఇంకా గట్టిగా పడలేదు కాబట్టి చాలామంది విత్తలేదు. సంచులు వెనక్కి ఇచ్చారు, కొందరు తిట్టి ఇచ్చారు.

లక్ష్మీబాయి అనే ఆమె ఇంటికి పోయేసరికి ఆమె సంచి అరుగు మీదనే పెట్టి ఉంచింది. నేను విషయం చెప్పబోతే చేయి అడ్డం పెట్టింది.

"నాకెరుకే. నూరు గింజలు లెక్కవెట్టి తడి గోనెల చుట్టిన. నలభై ఆరు మొలిచినయి. గివి ఎట్ల ఇత్తుత? వాపస్ ఇద్దామని ఆడికే వద్దామనుకుంటున్న."

"మేం చెప్పకముందే చూసినవా అవ్వా?"

"మా బాపు ఉన్నప్పటి సంది గిట్లనే చూస్త. సంచి మీద ఏం రాసుంటే నాకేంది, నాకు సదువు రాదు గద."

మాకు ల్యాబ్ ఉంది, తెర ఉంది, పంపేముందు నాలుగు సంతకాలు పడతాయి, అందులో ఒకటి నాది. మా నాలుగు సంతకాలు డెబ్బై నాలుగు అన్నాయి. ఆమె గోనెసంచి ముక్క మా ల్యాబ్ కాగితానికి ఒక్క గింజ తేడాతో నిజం చెప్పింది. ఆమె ఇచ్చిన చాయ తాగి లేచాను.

పద్నాలుగో మనిషి పోశెట్టి. ఊరి బయట చేనులో దొరికాడు. మొన్న ఒక జల్లు పడితే రెండెకరాలు విత్తేశాడట. మమ్మల్ని చూసి, కంపెనీవాళ్లు చేను చూడటానికి వచ్చారనుకుని సంతోషంగా ఎదురొచ్చాడు. నేను చెప్పిందంతా విన్నాడు. వంగి ఒకచోట మట్టి తీసి చూపించాడు. ఒక గింజ పగిలి మొలక బయటికి వస్తోంది. దాని పక్కన మూడు గింజలు ఉబ్బి, మెత్తబడి, అలాగే ఉన్నాయి.

"సంచి మీద డెబ్బై అని ఉంది గద మేడం. నా బిడ్డ సదివి చెప్పింది."

"తప్పు రాసినం పోశెట్టన్నా. మాదే తప్పు. వేరే ఇత్తులు రేపే పంపిస్తం."

అతను చేతికంటిన మట్టి దులుపుకున్నాడు. గట్టిగా మాట్లాడలేదు.

"ఇత్తులు మల్ల ఇస్తరు, సరే. గా వాన మల్ల ఇస్తరా?"

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మర్నాడే మంచి విత్తనం పంపాం. తర్వాతి వాన దాకా ఆగి మళ్లీ దున్ని విత్తాడు. పూత సమయానికి వానలు ముఖం చాటేశాయి. ముందు విత్తిన పక్క చేన్లు బయటపడ్డాయి, అతని చేనులో సగమే చేతికొచ్చింది.

ఎట్ల కొట్టినవో చూపియ్యి

కరీంనగర్ తిరిగి వచ్చేసరికి ఆఫీసులో తీర్పు అయిపోయింది. ఆ అంకె కొట్టింది షాహీన్. పద్నాలుగేళ్లుగా మా దగ్గర కొడుతోంది, నేను చదివినవాటిలో అన్నిటికంటే తక్కువ తప్పులు ఆమెవి. కిషన్‌రావు గారు ఆమెను తీసేయాలంటున్నారు. షాహీన్ తన సీట్లో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"నేనే కొట్టిన మేడం. తీసేస్తే తీసేయమనున్రి. కానీ నేను విన్నదే కొట్టిన, ఖుదా కసం."

"విన్నదా? చూసింది కాదా?" అన్నాను.

అప్పుడు తెలిసింది. అంతకుముందు ఆమె కాగితం తన ముందు పెట్టుకుని, చూసుకుంటూ కొట్టేది. ఆ సీజన్‌లో పని పెరిగిందని, ఒకరు చదివితే ఒకరు కొట్టాలని మేనేజర్ గారు కొత్త పద్ధతి పెట్టారట. నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

దిగంబర్ గారిని పిలిచి, ఆ రోజు చదివినట్టే చదవమన్నాను. షాహీన్‌ను కొట్టమన్నాను. ఇద్దరూ బెదిరిపోయి ఉన్నారు. తప్పు పట్టడానికి కాదు, చూడటానికే అని రెండుసార్లు చెప్పాను. ఆయన కాగితం అందుకుని వరుసగా చదువుతున్నారు, ఉర్దూలో. షాహీన్ ఇంటి భాష అది, ఆయనకూ తెలుగు కంటే అదే సులువు. నలభై ఏడు దగ్గరికి వచ్చేసరికి "సైంతాలీస్" అన్నారు.

షాహీన్ వేలు ముందు ఏడు మీదికి పోయింది. కొట్టబోయి ఆగింది. నా ముఖం చూసింది.

మనం తెలుగులో నలభై ఏడు అంటాం. నలభై ముందు, ఏడు తర్వాత. రాసినట్టే పలుకుతాం. సైంతాలీస్‌లో ఏడు ముందు పలుకుతుంది, నలభై తర్వాత వస్తుంది. మరాఠీలోనూ అంతేనని దిగంబర్ గారు చెప్పారు. చెవి విన్న వరుసలో వేలు కదిలితే ఏడు ముందు పడుతుంది. నిమ్మళంగా ఉన్నప్పుడు మనసు సరిచేసుకుంటుంది. రోజుకు వందల అంకెలు, వెనక నుంచి తొందర, అప్పుడు ఒకటి జారుతుంది. ఆ సీజన్ కాగితాలన్నీ ముందేసుకుని వెతికితే ఇలా తిరగబడినవి ఇంకో రెండు దొరికాయి. రెండూ మంచి లాట్లే, ఎటు తిప్పినా పాసయ్యేవే. అందుకే ఎవరి కంటా పడలేదు.

షాహీన్ ఏడ్చింది. పద్నాలుగేళ్లలో ఆమె ఏడవడం నేను చూడలేదు. "నాకు కండ్లు పోయినయేమో అనుకున్న మేడం, రెండు దినాల సంది" అంది.

నా ముచ్చట కూడా చెప్పాలి, లేకపోతే ఈ రాతకు అర్థం లేదు. నల్లతెరలో ఒక మంచి పని ఉండేది. కొత్త పరీక్షలో మొలక పాతదానికంటే ఎక్కువ వస్తే, ముందుకు పోనివ్వకుండా కూత పెట్టి అడిగేది. ఆ పాతకాలపాయన బుద్ధిమంతుడే. కానీ పొల్లు గింజలు ఏరేసిన లాట్లకు మొలక నిజంగానే పెరుగుతుంది. వాటికి కూడా కూత పెట్టేది. నాలుగేళ్ల కింద ఒక సీజన్‌లో రోజంతా అదే కూత, బయట లారీలు, కిషన్‌రావు గారి కేకలు. మూడు రోజులకని ఆ తనిఖీని ఆపేశాను. దాన్ని ఆపే తాళం, అంటే పాస్‌వర్డ్, నా దగ్గరే ఉండేది. మళ్లీ పెట్టడం మరిచిపోయాను. మూడు రోజులు నాలుగేళ్లయ్యాయి. అది ఆన్‌లో ఉంటే, ఆ డెబ్బై నాలుగు దగ్గర షాహీన్ ఆగేది, కాగితం అడిగేది, పోశెట్టి మరో సంచి తీసుకునేవాడు.

కొత్తవాళ్లకు చెప్పేది ఇదే. మిషన్ ఊరికే అరుస్తోందని మీరు నోరు మూయించిన రోజు తేదీ వేసి, గోడ మీద రాసి పెట్టుకోండి. మరిచిపోతారు. నేను మరిచిపోయాను.

మర్నాటి నుంచి చదివేవాళ్లు ఒక్కో అంకె విడిగా చదవాలని పెట్టాం. చార్, సాత్. నాలుగు, ఏడు. ఏ భాషలో చదివినా తిరగబడదు. దీనికి రూపాయి ఖర్చు కాలేదు. ఒక మనిషిని తీసేయడం కంటే ఇది సులువు. కానీ అడగాలి కదా, ఎలా కొట్టినవని. మా దగ్గర మొదట అడిగింది ఎవరు కొట్టిన్రని.

నష్టం: లేదు

పది రోజుల తర్వాత హెడ్డాఫీసుకు పంపే నివేదిక నా సంతకానికి వచ్చింది. కిషన్‌రావు గారే రాశారు. "ఆపరేటర్ పొరపాటు. సకాలంలో గుర్తించి సరిదిద్దడమైనది. రైతులకు నష్టం: లేదు."

మూడు వాక్యాలు. జీవితమంతా తప్పుడు ఎంట్రీలు పట్టినదాన్ని, ఇది పట్టకుండా ఎలా వదిలేస్తాను? పెన్ను తీసి మూడూ కొట్టేశాను. మొదటిదాని పైన, చదివే పద్ధతి మార్చడం, నేను ఆపిన తనిఖీ, రెండూ రాశాను. రెండోదాని పైన, వారం ఆలస్యంగా అని రాశాను. మూడోదాని దగ్గర పోశెట్టి పేరు, ఊరి పేరు పూర్తిగా, రెండెకరాలు, విత్తే అదను పోయింది అని రాసి సంతకం పెట్టాను. తీసుకుపోయి ఆయన బల్ల మీద పెట్టాను.

ఆయన చదివి కాగితాన్ని బల్ల మీద పెట్టారు.

"గిది పంపితే మనిద్దరికీ మెమో వస్తది మేడం."

"వస్తది సార్."

"మీకు రెండేండ్ల సర్వీసే ఉంది. ఎందుకు చెప్పున్రి?"

"పోశెట్టి నన్ను అడిగిండు సార్, సంచి మీద డెబ్బై అని ఉంది గదా అని. మల్ల గట్లనే రాద్దామా?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇక చించేస్తారనే అనుకున్నాను. నేను తలుపు దాకా పోయాక, వెనక నుంచి అటెండర్‌ను పిలిచి, సాఫుగా టైపు చేయించుకు రమ్మనడం వినిపించింది. ఒక్క అక్షరం మార్చకుండా అని కూడా అన్నారు. టైపు చేసి వచ్చినదాన్ని ఆయనే కాగితంతో పోల్చుకుంటూ, వేలు పెట్టి, పదం పదం చదివారు. ఆయన అలా చదవడం నేను చూసింది అదే మొదటిసారి.

నెల తిరక్కుండా మెమోలు వచ్చాయి. ఒకటి ఆయనకు, ఒకటి నాకు. షాహీన్‌కు రాలేదు.